పదిపోను ఒకటి మిగిలింది: తొలి జర్మానిక్ భాషల్లో సంఖ్యావాచకాల పుట్టుక

సంఖ్యావాచకాల చరిత్రను తవ్వేవారికి మొదట ఎదురయ్యే అడ్డంకి అంకెలే. లేఖకుడు మాటను పూర్తిగా రాయకుండా ఒక గుర్తు వేసి ఊరుకుంటే, ఆ గుర్తును అతను ఏమని చదివేవాడో తరవాతి తరాలకు తెలిసే దారి ఉండదు. ఇంగ్లిష్, జర్మన్, డచ్, స్కాండినేవియా భాషలు చేరే జర్మానిక్ కుటుంబంలో దక్కిన పెద్ద గ్రంథాల్లో అన్నిటికంటె పాతదైన గోతిక్ బైబిలు (గోతులనే పాత జర్మానిక్ జాతి భాషలోది) విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. క్రీ.శ. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్పు ఈ అనువాదం కోసం ప్రధానంగా గ్రీకు లిపి ఆధారంగా 27 అక్షరాల వర్ణమాలను కూర్చాడు. గ్రీకులో లాగే ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యావిలువ ఉంది. 90కీ 900కీ కేటాయించిన రెండు అక్షరాలకైతే ఉచ్చారణ అంటూ లేదు, అవి లెక్కకు మాత్రమే పనికివస్తాయి. ప్రస్తుతం స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉన్న ప్రసిద్ధ ప్రతిని 6వ శతాబ్దం మొదట్లో ఇటలీలో ఊదారంగు వేసిన తోలు పత్రాల మీద వెండి, బంగారు సిరాలతో రాశారు. ఇలాంటి ప్రతుల్లో అనేక చోట్ల సంఖ్యలను మాటల్లో కాక అక్షరపు గుర్తుల్లోనే వేశారు. ఫలితంగా 14, 15లకు గోతులు ఏమనేవారో తెలుసు గానీ, 13కూ, 16 నుంచి 19 వరకూ వారి నోట పలికిన మాటలు ఏ పత్రంలోనూ దొరకలేదు.

అదృష్టవశాత్తు ఒకటి నుంచి పది వరకు మాత్రం లోటు లేదు. ఐన్స్, త్వై, థ్రీస్, ఫిద్వోర్, ఫింఫ్, సెహ్స్, సిబున్, అహ్తౌ, నియున్, తెహున్ అన్నది గోతిక్ వరస. ఇక్కడ ‘థ’ అని రాసినది నాలుక కొనను పళ్ల మధ్య ఉంచి గాలి ఊదే ధ్వని, ఇంగ్లిష్ ‘థింక్’లో మొదట వచ్చేది. తెలుగువారి ఒకటి, రెండు, మూడు ద్రావిడ సొత్తు కాబట్టి ఈ వరసతో వాటికి చుట్టరికం లేదు. అయితే ద్వితీయ, త్రికోణం, పంచాంగం, అష్టావధానం, నవగ్రహాలు, దశమి అన్న మాటలు నిత్యం వాడే తెలుగు పాఠకుడికి ఈ వరస మరీ పరాయిగా కూడా అనిపించదు. సంస్కృత ద్వౌ పక్కన గోతిక్ త్వై, త్రయః పక్కన థ్రీస్, అష్టౌ పక్కన అహ్తౌ, నవ పక్కన నియున్, దశ పక్కన తెహున్ పెట్టి చూస్తే రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం (ఉత్తర భారతం నుంచి యూరప్ దాకా పరచుకున్న భాషలకు తల్లి) నుంచి చీలిన కొమ్మలని తెలిసిపోతుంది.

పోలిక కంటికి ఆనడం ఒక ఎత్తు, తేడాకు లెక్క చెప్పగలగడం మరో ఎత్తు. డేనిష్ పండితుడు రాస్మస్ రాస్క్ 1818లో గమనించి ప్రకటించిన ధ్వని సామ్యాలను 1822లో జర్మన్ పండితుడు యాకబ్ గ్రిమ్ ఒక సూత్రంగా బిగించాడు. మూలభాషలోని ప, త, క లు జర్మానిక్‌లో ఫ, థ, హ లుగా మారాయి. ద, గ లు త, క లుగా మారాయి. సంస్కృత ‘దశ’లోని శకారం మూలంలో ఒక రకం కకారమే, లాటిన్ ‘దెకెం’ ఆ సంగతికి సాక్ష్యం. కాబట్టి ‘దెకం’ లాంటి మూలరూపంలో దకారం తకారమై, కకారం హకారమై ‘తెహున్’ తయారైంది. త్రయః థ్రీస్ అయింది. పంచ ఫింఫ్ అయింది. సంఖ్యావాచకాలు ఇలాంటి సూత్రాలకు మంచి పరీక్షాస్థలం, ఎందుకంటే వీటి అర్థం విషయంలో వాదన పెట్టుకునే వీలు లేదు. మూడు ఎక్కడైనా మూడే. అర్థం కదలదు కనుక ధ్వని ఎంత కదిలిందో స్పష్టంగా కొలవవచ్చు. ఆ కొలతలో ఎక్కడైనా తేడా వస్తే, అక్కడ వేరే ఏదో జరిగిందన్నమాట. జర్మానిక్ సంఖ్యల్లో రుచి అంతా ఈ తేడాలున్న చోట్లే ఉంది.

నాలుగునే తీసుకుంటే, సంస్కృతం ‘చత్వారః’, లాటిన్ ‘క్వత్తువోర్’. లాటిన్‌లో ‘క్వ’ ఉన్న చోట గోతిక్‌లో ‘హ్వ’ రావాలి; ‘ఎవరు’ అనే అర్థమున్న లాటిన్ ‘క్విస్’కు, సంస్కృత ‘కః’కు దీటుగా గోతిక్‌లో ‘హ్వస్’ అనే ఉంది. ఆ లెక్కన నాలుగు ‘హ్విద్వోర్’ కావలసింది, అయింది ‘ఫిద్వోర్’. గోతిక్‌లోనే కాదు, ఇంగ్లిష్ ఫోర్, జర్మన్ ఫియర్, నార్స్ (పాత స్కాండినేవియా భాష) ఫ్యోరిర్, ఏ జర్మానిక్ భాషలో చూసినా నాలుగు ఫకారంతోనే మొదలవుతుంది. అంటే ఈ మార్పు శాఖలు విడిపోకముందే, ఉమ్మడి కాపురంలోనే జరిగిపోయింది. ఐదులోనూ ఇలాంటి తేడానే ఉంది. మూలంలోని ‘పెంక్వె’ అనే రూపానికి చివర ‘హ్వ’ రావలసి ఉండగా మరో ఫకారం వచ్చి ‘ఫింఫ్’ అయింది.

ఐదు సంగతి తేలిక. మాట మొదట్లో పెదవుల ధ్వని ఉంటే, తరవాత వచ్చే ‘క్వ’ కూడా పెదవులకే మళ్లడం ఆ భాషల్లో కొత్త కాదు. సంస్కృత ‘వృక’కు జర్మానిక్‌లో ‘వుల్ఫ్’ అని ఫకారం రావడం దీని తోబుట్టువు. నాలుగులో కూడా మాట లోపల వకారం ఉంది కనుక దానికీ ఇదే కారణం చెప్పేవారున్నారు. కానీ అక్కడ వకారం వెనక ఉండి ముందున్న ధ్వనిని మార్చవలసి వస్తుంది. అంతకంటె నమ్మదగిన వివరణ మరొకటి ఉంది. సంఖ్యలు విడివిడిగా బతికే మాటలు కావు, వరసగా వల్లించే పాట లాంటివి. నాలుగు అంటుండగానే నోరు ఐదుకు సిద్ధమవుతుంది, ఐదులోని ఫకారం ఒక అడుగు ముందుకు జరిగి నాలుగు మీద వాలుతుంది.

ఇలాంటివి ఇతర భాషల్లోనూ జరిగాయి. స్లావిక్ భాషల్లో తొమ్మిదికి ‘న’తో మొదలయ్యే మాట ఉండాలి, కానీ అక్కడ ‘ద’ ఉంది. పక్కనున్న పదిలోని దకారం అంటుకుంది. తెలుగులో అయితే ఉదాహరణ ఇంట్లోనే ఉంది. ఎనిమిదికి కన్నడంలో ‘ఎంటు’ అనీ, తమిళంలో ‘ఎట్టు’ అనీ పొట్టి మాటలున్నాయి. తెలుగు ‘ఎనభై’లో కూడా ఆ పొట్టి మొదలే కనిపిస్తుంది. ‘ఎనిమిది’ చివర ఉన్న ‘మిది’ ఎనిమిదిది కాదు, తొమ్మిది నుంచి వచ్చి చేరిన తోక. ఎనిమిది, తొమ్మిది, పది అని ఒకే లయలో గబగబా లెక్కపెట్టేవారికి అది ఎలా చేరిందో ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

ఏడులో పోగొట్టుకున్నది ఒక తకారం. సప్త, లాటిన్ సెప్తెం, గ్రీకు హెప్తా, మూడింటిలోనూ పకార తకారాలు జంటగా ఉండగా, గోతిక్ సిబున్‌లో, ఇంగ్లిష్ సెవెన్‌లో, జర్మన్ జీబెన్‌లో తకారం జాడే లేదు. ‘ఏడవ’ అనే పూరణి రూపంలో హల్లులు మరీ ఒత్తుగా కూడటంతో తకారం అక్కడ మొదట జారిపోయి, ఆ తరవాత అసలు సంఖ్యకూ ఆ లోపం పాకిందని ఒక వివరణ. పూరణి రూపం సంఖ్యను తన వైపు లాక్కోవడం ఇండో-యూరోపియన్ భాషల్లో మామూలే కనుక దీన్ని కొట్టిపారేయలేము. ఫ్రాంక్ అనే జర్మానిక్ జాతివారి సాలిక్ ధర్మశాస్త్రంలో మాత్రం ‘సెప్తున్’ అని తకారంతోనే కనబడుతుంది. అది ఆ మూలలో బతికి బయటపడ్డ పాత రూపమా, లేక లాటిన్ రాసే లేఖకుడి చేతి అలవాటా అన్నది వివాదంలోనే ఉంది. మిగతా జర్మానిక్ ప్రపంచమంతా ఒక వైపు ఉన్నప్పుడు ఒక్క మాట కోసం లేఖకుడినే అనుమానించడం న్యాయమనిపిస్తుంది.

నూరు దగ్గరకు వస్తే గ్రిమ్ సూత్రమే తడబడింది. శత, లాటిన్ కెంతుం. తకారం థకారం కావాలి కనుక గోతిక్‌లో ‘హుంథ్’ అని ఉండాలి, ఉన్నది ‘హుంద్’. ఇలాంటి మినహాయింపులు పోగుపడుతుండగా 1875లో కార్ల్ వెర్నర్ అనే డేనిష్ యువకుడు వాటి వెనక ఉన్న క్రమాన్ని పట్టుకున్నాడు. అతనికి ఆధారమైనది వైదిక సంస్కృతంలోని ఉదాత్త స్వరం, అంటే మాటలో ఒక అచ్చును ఎత్తి పలకడం. ‘భ్రాతర్’లో స్వరం మొదటి అచ్చు మీద ఉంది, గోతిక్‌లో అది ‘బ్రోథర్’, థకారం నిలిచింది. ‘పితర్’లో స్వరం రెండో అచ్చు మీద ఉంది, గోతిక్‌లో అది ‘ఫదర్’, థకారం మెత్తబడి దకారమైంది. ‘శతం’లో స్వరం చివర ఉంది కనుకనే హుంద్, ‘సప్త’లో చివర ఉంది కనుకనే సిబున్‌లో ఫకారానికి బదులు బకారం, ‘చత్వారః’లో రెండో అచ్చు మీద ఉంది కనుకనే ఫిద్వోర్‌లో దకారం. జర్మానిక్ భాషలు తమ స్వరాన్ని మాట మొదటికి లాగేసి, పాత స్థానం గుర్తును ఈ హల్లుల్లో మాత్రమే మిగుల్చుకున్నాయి. వేదపాఠకులు పొల్లుపోకుండా నిలబెట్టుకొచ్చిన స్వరమే లేకపోతే, ఉత్తర యూరప్ భాషల్లోని ఈ చిక్కుముడి విప్పడానికి ఇంకెంత కాలం పట్టేదో.

అదే సూత్రం పదికీ పదుల గుంపుకీ మధ్య ఉన్న బంధుత్వాన్ని కూడా బయటపెడుతుంది. గోతిక్‌లో పది ‘తెహున్’, పదుల గుంపుకు వేరే నామవాచకం ‘తిగుస్’, బహువచనం ‘తిగ్యుస్’. ఒకదానిలో హకారం, రెండోదానిలో గకారం. ‘దశ’లో స్వరం మొదట ఉంది కనుక హకారం నిలిచింది, రెండో మాటలో స్వరం తరవాతి అచ్చు మీద ఉండబట్టి అది గకారమైంది. ఇంగ్లిష్‌లో ‘టెన్’ అన్నా, ట్వెంటీ, థర్టీల చివరి ‘టీ’ అన్నా ఒకే వేరు నుంచి లేచిన రెండు మొలకలు. ఆ మాటకొస్తే హుంద్ కూడా మూలంలో పది అనే మాట నుంచి పుట్టినదే, పది పదులు అన్న అర్థంలో.

ఇంకా వెనక్కి వెళ్లి, ఈ మాటలకు సంఖ్య కాక ముందు ఏ అర్థం ఉండేదని అడిగితే, అక్కడి నుంచి నేల మెత్తబడుతుంది. రామః, రామౌ, రామాః అని శబ్దాలు వల్లించినవారు ‘అష్టౌ’ చివర ఉన్నది ద్వివచన ప్రత్యయమని వెంటనే గుర్తుపడతారు. గోతిక్ భాష నామవాచకాల్లో ద్వివచనాన్ని పూర్తిగా వదిలేసింది, అయినా ‘అహ్తౌ’లో దాని ఎముక మిగిలింది. అంటే ఎనిమిది ఒకప్పుడు ‘రెండు నాలుగులు’ అయి ఉండాలి, బహుశా బొటనవేలు విడిచిన రెండు చేతులు. నవ అంటే తొమ్మిది, నవ అంటే కొత్త. గోతిక్‌లోనూ నియున్, నియుయిస్ అని రెండూ పక్కపక్కనే ఉన్నాయి. రెండో నాలుగు పూర్తయ్యాక మొదలయ్యే ‘కొత్త’ సంఖ్య తొమ్మిది అన్న ఊహ అందంగానే ఉంది. ఐదును పిడికిలితోనూ వేలితోనూ కలిపే ప్రయత్నాలూ ఉన్నాయి. వీటిలో ఎనిమిది ద్వివచనమన్నది గట్టి పునాది ఉన్న మాట, మిగిలినవి చెప్పుకోవడానికి బాగుండే మాటలు.

ఒకటి విషయంలో సంస్కృతం, జర్మానిక్ వేరు దారులు పట్టాయి. మూలధాతువు ఒకటే అయినా సంస్కృతం కకారం చేర్చి ‘ఏక’ అంది, జర్మానిక్, లాటిన్ శాఖలు నకారం చేర్చి ‘ఐన’, ‘ఓఇనోస్’ అన్నాయి. రెండవ అనడానికి తొలి జర్మానిక్‌లో రెండు నుంచి పుట్టిన మాటే లేదు; గోతిక్ ‘అంథర్’ అంటే ‘ఇతరుడు’ అనీ ‘రెండవవాడు’ అనీ. సంస్కృతంలో వేరొకటి అనే అర్థంలో ఉన్న ‘అంతర’ దీనికి చుట్టమే. ఇంగ్లిష్ ‘అదర్’ కూడా చాలాకాలం రెండవ అనే అర్థంలో చలామణీ అయ్యి, ఫ్రెంచి నుంచి ‘సెకండ్’ వచ్చాక ఆ పని వదిలేసింది.

చిన్న సంఖ్యలు విశేషణాల్లాగా లింగాన్నీ విభక్తినీ ధరించేవి. నార్వే ఆగ్నేయ ప్రాంతంలో దొరికిన ట్యూన్ శిల మీద క్రీ.శ. 400 ప్రాంతపు రూన్ లిపిలో (పాత జర్మానిక్ జాతుల చెక్కుడు లిపి) ‘థ్రిజోజ్ దొహ్త్రిజ్’ అని ఉంది, ‘ముగ్గురు కూతుళ్లు’ అని. దౌహిత్రుడు అనే మాట తెలిసినవారికి రెండో మాట కొత్తగా తోచదు. మొదటి మాట స్త్రీలింగ రూపం, కూతుళ్లు కనుక. సంస్కృతంలో మూడుకు స్త్రీలింగం ‘తిస్రః’ అనే విచిత్ర రూపం, ప్రాచీన ఐరిష్‌లోనూ దాని జాడ ఉంది. జర్మానిక్ ఆ పాత వస్తువును పారేసి, పుంలింగ రూపానికే మామూలు స్త్రీలింగ ప్రత్యయం తగిలించుకుంది. పుస్తకాలైతే మూడు, మనుషులైతే ముగ్గురు అని నేటికీ మాట మార్చే తెలుగువారికి సంఖ్య తన పక్కనున్న నామవాచకాన్ని బట్టి రూపం మార్చుకోవడం వింతేమీ కాదు. జర్మానిక్ భాషల్లో ఈ అలవాటు మూడు దాకా స్థిరంగా ఉండి, నార్స్‌లో నాలుగు వరకు సాగి, ఆపైన పలచబడిపోతుంది.

పది దాటగానే వారసత్వం ఆగి, సొంత కట్టడం మొదలవుతుంది. సంస్కృతంలో ఏకాదశ, ద్వాదశ. లాటిన్‌లో ఉందెకిం, దువోదెకిం. తెలుగులో పదకొండు, పన్నెండు. అన్నిటా పది, దానికి కలిపినది, రెండూ కనబడతాయి. గోతిక్‌లో మాత్రం ‘ఐన్‌లిఫ్’, ‘త్వాలిఫ్’. వాటిలో పది అనే మాటే లేదు. ‘లిఫ్’ అన్న భాగం మిగలడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది: ఒకటి మిగిలింది, రెండు మిగిలాయి. దేని నుంచి మిగిలాయో చెప్పరు, పది వేళ్లూ అయిపోయాక అని అందరికీ తెలుసు కాబట్టి. ఇంగ్లిష్ ఇలెవన్, ట్వెల్వ్, జర్మన్ ఎల్ఫ్, జ్వోల్ఫ్ ఈ రెండు మాటల అరిగిన రూపాలే.

ఇలాంటి కట్టడం ఇంకొక్క చోటే ఉంది, బాల్టిక్ తీరపు లిథువేనియన్‌లో. అక్కడ ‘వియెనుఓలిక’, ‘ద్వీలిక’ అని మొదలై పంతొమ్మిది దాకా అన్నీ ‘లిక’తోనే ముగుస్తాయి. జర్మానిక్ పన్నెండు దగ్గరే ఆపేసి, పదమూడు నుంచి మూడు-పది, నాలుగు-పది అనే పద్ధతికి మళ్లింది. గోతిక్‌లో దొరికిన ‘ఫిద్వోర్‌తెహున్’, ‘ఫింఫ్‌తెహున్’ అవే. పన్నెండు దగ్గర వచ్చిన ఈ విరుపు చూసి, పాత జర్మానిక్ జాతులు పన్నెండ్ల లెక్కలో బతికాయని చెప్పడం పరిపాటి. ఆ వాదానికి మాటలే అడ్డు నిలుస్తాయి. ‘రెండు మిగిలాయి’ అన్నవాడి మనసులో నిండిన పాత్ర పదే, పన్నెండు కాదు. పన్నెండు ఒక ప్రత్యేక మైలురాయి అయి ఉండవచ్చు, లెక్కకు పీఠం మాత్రం పదే.

ఇరవై నుంచి అరవై వరకు గోతిక్ పద్ధతి నిష్కపటంగా ఉంటుంది: త్వై తిగ్యుస్, థ్రీస్ తిగ్యుస్, అంటే రెండు పదులు, మూడు పదులు. ఇవి ఇంకా ఒకే మాటగా అతకలేదు. మత్తయి సువార్తలో యూదా తిరిగి ఇచ్చిన ముప్పై వెండి నాణేల దగ్గర గోతిక్ పాఠం ‘థ్రిన్స్ తిగున్స్ సిలుబ్రీనైజె’ అంటుంది. మూడుకీ ద్వితీయా విభక్తి, పదులకీ ద్వితీయా విభక్తి, నాణేలకు షష్ఠి. ‘వెండి నాణేల మూడు పదులను’ అని అక్షరార్థం. స్వీడన్‌లోని రోక్ గ్రామంలో 9వ శతాబ్దపు శిల మీద కూడా ఇదే తీరు. ‘త్వైర్ తిగిర్ కునుంగర్’, అంటే రెండు పదుల రాజులు, నాలుగు పేర్లతో, నలుగురు సోదరుల కొడుకులై, నాలుగు శీతాకాలాలు స్యేలాండ్‌లో కూర్చున్నారని ఆ శాసనం చెబుతుంది. తరవాత లెక్క అప్పగిస్తున్నట్టుగా ఒక్కొక్క పేరుకు ఐదుగురి చొప్పున నాలుగు గుంపులు వస్తాయి. చెక్కినవాడు లెక్క సరిచూసుకునే చెక్కాడు.

డెబ్బై దగ్గర పద్ధతి ఉన్నట్టుండి మారిపోతుంది. గోతిక్‌లో డెబ్బై ‘సిబుంతెహుంద్’, ఎనభై ‘అహ్తౌతెహుంద్’, తొంభై ‘నియుంతెహుంద్’, నూరు ‘తెహుంతెహుంద్’. ప్రాచీన ఇంగ్లిష్‌లో అరవై దాకా మామూలుగా నడిచి, డెబ్బైకి ‘హుండ్‌సెయొఫొంటిగ్’ అని ముందు ‘హుండ్’ తగిలిస్తారు. ఆ లెక్క ‘హుండ్‌టెయొంటిగ్’ అనే నూరు మీదుగా ‘హుండ్‌ట్వెల్ఫ్‌టిగ్’ అనే నూటఇరవై దాకా పోతుంది. ప్రాచీన ఉన్నత జర్మన్‌లో అరవై వరకు ఒక ప్రత్యయం, డెబ్బై నుంచి మరో ప్రత్యయం. డచ్చివారు ఎనభైని నేటికీ ‘తఖ్తిఖ్’ అంటారు. ఎనిమిదికి లేని ఆ ముందు తకారం పాత ఉపసర్గ తాలూకు అవశేషం. అన్ని శాఖల్లోనూ విరుపు ఒకే చోట ఉండడంతో ఇది ఉమ్మడి కాలపుదేనని ఒప్పుకోక తప్పదు. గోతిక్ మాటను ‘సిబుం-తెహుంద్’ అని విడగొట్టాలా, ‘సిబుంతె-హుంద్’ అని విడగొట్టాలా అన్న దానిపై నూరేళ్లకు పైగా కాగితం ఖర్చయింది.

అరవై తరవాత విరుపు అనగానే బాబిలోనియా గుర్తురావడం సహజం. 1890లో జర్మన్ భాషావేత్త యొహానెస్ ష్మిట్ ఈ విరుపును ఆధారం చేసుకుని, ఇండో-యూరోపియన్ల పూర్వీకులకు అరవైల లెక్క వాడే మెసొపొటేమియాతో పరిచయం ఉండాలని వాదించాడు. వాదం చాలాకాలం ఆకట్టుకుంది, కానీ సంస్కృతం వైపు ఒక్కసారి చూస్తే పట్టు సడలుతుంది. అక్కడా వింశతి తరవాత రెండు తెగలున్నాయి: త్రింశత్, చత్వారింశత్, పంచాశత్ ఒక తెగ, షష్టి, సప్తతి, అశీతి, నవతి మరొక తెగ. షష్టిపూర్తి చేసుకునే ఇంట అందరికీ తెలిసిన మాట ఇది. విరుపు ఉంది, కానీ యాభై తరవాత, అరవై తరవాత కాదు. అరవైని పవిత్ర సంఖ్యగా అరువు తెచ్చుకుని ఉంటే, రెండు శాఖలూ చెరో చోట విరగవలసిన పని లేదు. 1960లో ఈ మొత్తం వ్యవస్థను తిరగతోడిన భాషావేత్త ఓస్వాల్డ్ సెమెరెన్యీ కూడా బయటి ప్రభావాన్ని కాక, మాటల లోపలి ధ్వని మార్పుల్లోనే కారణం వెతికాడు. పెద్ద పదుల పేర్లు ఆలస్యంగా, ఎవరి అవసరం కొద్దీ వారు కట్టుకున్నారనుకుంటే చాలావరకు సరిపోతుంది.

నూరు మాటకొస్తే, తొలి జర్మానిక్ లోకంలో ఆ మాటకు ఒకే విలువ లేదు. ప్రాచీన నార్స్‌లో ‘హుంద్రథ్’ అంటే మామూలుగా 120. నూరు చెప్పాలంటే ‘తీవు తిగిర్’, పది పదులు, అనేవారు. 110ని పదకొండు పదులు అనేవారు. పన్నెండు పదులయ్యాకే హుంద్రథ్. క్రైస్తవంతో పాటు లాటిన్ లెక్క వచ్చాక గందరగోళం తలెత్తి, పదుల నూరు, పన్నెండ్ల నూరు అని విశేషణం చేర్చి చెప్పవలసి వచ్చింది. మాటలోని ‘రథ్’కు లెక్క అని అర్థం; గోతిక్‌లో ‘రథ్యో’ అంటే లెక్క, పద్దు. ఇంగ్లిష్ ‘హండ్రెడ్’లో ఇప్పటికీ ఆ ‘పద్దు’ దాగి ఉంది. ఐస్‌లాండ్‌లో నేసిన ఉన్నిబట్టే డబ్బుగా చెల్లిన రోజుల్లో ఒక ‘హుంద్రథ్’ అంటే 120 మూరల బట్ట, ఒక ఆవు వెలకు సమానం. భూముల విలువా అదే కొలతలో కట్టేవారు.

గోతులకూ ఈ రెండు నూర్లు తెలుసని చెప్పే చిన్న ఆనవాలు ఒకటుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ‘ఐదు వందల కంటె ఎక్కువ మంది సోదరులు’ అన్న చోట గోతిక్ ప్రతిలో ఐదు వందల పక్కన ‘తెహుంతేవ్యం’ అనే మాట ఉంది. ‘పదుల వరస లెక్కన’ అని దాని భావంగా తీసుకుంటారు. చదివేవాడు 600 అనుకునే ప్రమాదం లేకపోతే ఆ మాట రాయవలసిన అవసరం ఏముంటుంది?

ఫ్రాంకుల సాలిక్ ధర్మశాస్త్రం మరింత తమాషాగా ఉంటుంది. 6వ శతాబ్దం తొలి ఏళ్లలో లాటిన్‌లో రాసిన ఈ స్మృతికి కొన్ని ప్రతుల చివర జరిమానాల పట్టిక ఉంది. అందులో సంఖ్యలు ఫ్రాంకిష్ మాటల్లో, విలువలు సాలిదస్ నాణేల్లో ఉన్నాయి. ఆ భాష రాని లేఖకులు ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాయడంతో మాటలు నలిగిపోయాయి, అయినా లెక్క చేసి చూడవచ్చు. ఒక సాలిదస్‌కు 40 దెనారియస్‌లు. ‘ఒక థోఅలస్తి’కి 3 సాలిదస్‌లు అని ఉంది, అంటే 120 దెనారియస్‌లు, మాటలో పన్నెండు ఉన్నట్టే విలువలో పన్నెండు పదులు. ‘సెక్సన్ ఖున్న’కు (ఆరు నూర్లకు) 15 సాలిదస్‌లు; అంటే 600, కాబట్టి ఇక్కడ ఒక్కో ఖున్న సరిగ్గా 100. నూటఇరవైకి ప్రత్యేకమైన పేరు, నూటికి దాని పేరు, రెండూ ఒకే పట్టికలో పేచీ లేకుండా ఉన్నాయి. నార్స్‌వారు 120కి నూరు పేరు పెట్టుకున్నారు, ఫ్రాంకులు పెట్టుకోలేదు. అందువల్ల పన్నెండ్ల నూరును ఒక జాతి మొత్తం గణిత దర్శనంగా చూడటం కంటె, మూడుకీ నాలుగుకీ ఐదుకీ ఆరుకీ తెగే సౌకర్యం ఉన్న వ్యాపారపు మూటగా చూడటం మేలు.

వెయ్యికి మూల ఇండో-యూరోపియన్‌లో అందరికీ ఉమ్మడి మాట లేదు. సంస్కృత సహస్రానికీ గ్రీకు ‘ఖీలియొయి’కీ చుట్టరికం ఉంది గానీ జర్మానిక్ దాన్ని ఎరగదు. గోతిక్ ‘థూసుంది’ రెండు మాటల కలయిక అని ఎక్కువమంది అంగీకరించిన వివరణ: ఉబ్బడం, బలవడం అనే అర్థమున్న ధాతువు, దాని వెనక హుంద్. ‘ఉబ్బిన నూరు’. బలవంతుడు అనే అర్థమున్న వైదిక ‘తవస్’ ఆ ధాతువు బంధువే. లిథువేనియన్, స్లావిక్ భాషల్లోని వెయ్యి కూడా ఈ మాటకు దగ్గరిది కనుక, ఉత్తరాది శాఖలు ఇరుగుపొరుగుగా ఉన్న రోజుల్లో ఇది పుట్టి ఉండాలి. మొదట అది ‘బోలెడు’ అనే అస్పష్టపు మాట, లెక్క ఖచ్చితమయ్యాక వెయ్యి దగ్గర స్థిరపడింది. నూరు 120గా ఉన్న నార్స్‌లో ‘థూసుంద్’ సహజంగానే 1200 దాకా పోయింది.

ఈ గోతిక్ వరస చివరిసారిగా రాతకెక్కింది ఇస్తాంబుల్‌లో. 16వ శతాబ్దం నడిమి కాలంలో సులేమాన్ సుల్తాను కొలువుకు హాబ్స్‌బర్గ్ రాయబారిగా వెళ్లిన ఫ్లెమిష్ పెద్దమనిషి బుస్బెక్, క్రిమియా నుంచి వచ్చిన ఇద్దరిని పిలిపించి వారి భాషలో మాటలు అడిగి రాసుకున్నాడు. అవి 1589లో పారిస్‌లో అచ్చయ్యాయి. అంకెలూ అడిగాడు, వారు లెక్కపెట్టారు: ఇత, తువ, త్రియ, ఫిదెర్, ఫ్యుఫ్, సెయిస్, సెవెనె, అతె, నీనె, థీనె. వుల్ఫిలా తరవాత పన్నెండు వందల ఏళ్లకు, నల్లసముద్రపు ఒడ్డున, నాలుగు ఇంకా ఐదు పక్కన ఫకారంతోనే ఉంది. పదకొండు మాత్రం ‘థీనిత’, పన్నెండు ‘థునెతువ’: పది-ఒకటి, పది-రెండు, అచ్చం తెలుగు పద్ధతి. మిగిలిందని చెప్పే ‘లిఫ్’ ఆ నోళ్లలో మిగల్లేదు. ఇరవైకి ‘స్తెగ’ అన్నారు, ఉత్తర జర్మనీ సంతల్లో ఇరవైల లెక్కకు వాడిన ‘స్టీగె’కు అది చుట్టం. ఇక నూరు దగ్గర హుంద్ లేదు, ‘సద’ అన్నారు. వెయ్యి ఎంతంటే ‘హజెర్’ అన్నారు. రెండూ ఇరాన్ వైపు నుంచి క్రిమియా చేరిన మాటలు. ఆ రెండోదే ఉర్దూ ద్వారా హజార్‌గా హైదరాబాదు అంగళ్లకూ చేరింది.